చేతి ఆపరేషన్‌కు ఏ బ్లాక్? అల్ట్రాసౌండ్ తెర మీద నాలుగు దారులు

"డాక్టరుగారూ, చిటికెన వేలి పక్కన ఏదో గీస్తున్నట్టుంది."

నేను శిక్షణలో ఉన్న రోజుల్లో ఒక రోగి పచ్చగుడ్డ తెర వెనక నుంచి ఎంతో మర్యాదగా చెప్పిన మాట ఇది. సుప్రాక్లావిక్యులర్ బ్లాక్, అంటే జత్రుక (కాలర్ బోన్) పైన నరాల పక్కన మందు వేసి చేతిని మొద్దుబార్చే ఇంజెక్షన్, ఇచ్చి అప్పటికే 20 నిమిషాలు దాటింది. ఆయన భుజం ఎత్తలేకపోతున్నాడు, మోచేయి వంచలేకపోతున్నాడు, బొటనవేలు ఎంత గిల్లినా తెలియడం లేదు. బ్లాక్ బాగా పట్టిందని లోలోపల మురిసిపోయాను. తీరా ఆపరేషన్ చిటికెన వేలి కింది ఎముకకు. నా మందు అందరినీ పలకరించి చిటికెన వేలి వైపు చూసుకునే అల్నార్ నరాన్ని మాత్రం మరచిపోయింది.

అప్పటి నుంచి ప్రతి బ్లాక్‌నూ అది దేన్ని వదిలేస్తుందో దానితోనే గుర్తు పెట్టుకుంటున్నాను. ఈ వ్యాసంలో పోలిక కూడా అదే పద్ధతిలో ఉంటుంది. ఇది మత్తు వైద్యంలో శిక్షణ పొందుతున్నవారి కోసం రాసింది. మొదటి కొన్ని బ్లాకులు అనుభవజ్ఞులు పక్కన నిలబడి ఉండగా చేయాల్సినవే.

సూది ముట్టుకోకముందు

నాలుగు సంగతులు తేల్చుకోండి. కోత ఎక్కడ పడుతుంది? రక్తం ఆపే పట్టీ (టోర్నికెట్) ఎక్కడ కడతారు, ఎంతసేపు ఉంచుతారు? రోగి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి? రక్తం గడ్డకట్టకుండా మందులేమైనా వాడుతున్నాడా?

మొదటి ప్రశ్నకు జవాబు సర్జన్ నోటి నుంచే వినాలి. కేసు షీటులో "మణికట్టు ఫ్రాక్చర్" అని మాత్రమే ఉంటుంది. సగంలో తుంటి ఎముక నుంచి చిన్న ముక్క తీసి అతుకుతామంటారు. చేయి ఎంత మొద్దుబారినా తుంటికి ఒరిగేదేమీ లేదు.

శరీర నిర్మాణం గురించి పేజీలకొద్దీ చెప్పను. చేతికి వెళ్లే నరాల అల్లిక, బ్రాకియల్ ప్లెక్సస్, ఒక చెట్టు. మెడలో వెన్ను నుంచి వచ్చే సీ5 నుంచి టీ1 దాకా ఐదు వేర్లు, అవి కలిసి మూడు కాండాలు, జత్రుక వెనక ఆరు చీలికలు, దాని కింద ధమని చుట్టూ మూడు కార్డులు, చంక చేరేసరికి కొమ్మలు. పై వేర్లయిన సీ5, సీ6 ఎక్కువగా భుజాన్నీ జబ్బనూ చూసుకుంటాయి. కింది వేర్లయిన సీ8, టీ1 చేతిలోని చిన్న కండరాలనూ చిటికెన వేలి వైపునూ చూసుకుంటాయి. ఈ చెట్టును నాలుగు చోట్ల పట్టుకోవచ్చు: మెడలో (ఇంటర్‌స్కేలీన్), జత్రుక పైన (సుప్రాక్లావిక్యులర్), జత్రుక కింద (ఇన్‌ఫ్రాక్లావిక్యులర్), చంకలో (ఆక్సిలరీ). ఒక్కో చోట ఒక్కో కొమ్మ చేజారుతుంది.

జత్రుక పైన, చంకలో సూది వేయడం కొత్తదేమీ కాదు. 1911లోనే జర్మనీలో హిర్షెల్ చంకలోనూ, కూలెన్‌కాంఫ్ జత్రుక పైనా చర్మం గుండా బ్లాక్ ఇచ్చి చూపారు. కూలెన్‌కాంఫ్ ముందు తన మీదే ప్రయోగించుకున్నాడు. అప్పట్లో సూది నరానికి తగిలి చేతిలో జివ్వుమంటేనే సరైన చోటు దొరికినట్టు లెక్క. 1994లో వియన్నాలో కాప్రాల్ బృందం అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సుప్రాక్లావిక్యులర్ బ్లాక్ ఇచ్చిన తర్వాత ఆ జివ్వుమనడంతో పని తగ్గుతూ వచ్చింది.

మందు లెక్క కాగితం మీద వేయండి

నోటి లెక్కలు నమ్మవద్దు. 0.5 శాతం అంటే మి.లీ.కు 5 మి.గ్రా. అని పిల్లల ఎక్కంలా పలకాలి. 60 కిలోల మనిషికి అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ కిలోకు 7 మి.గ్రా. చొప్పున 420 మి.గ్రా. దాటకూడదు. 1.5 శాతం ద్రావణమైతే అది 28 మి.లీ. బుపివకైన్ కిలోకు 2 మి.గ్రా. దగ్గరే ఆగితే 120 మి.గ్రా., అంటే 0.5 శాతంలో 24 మి.లీ. రోపివకైన్ కిలోకు 3 మి.గ్రా. చొప్పున 180 మి.గ్రా., 0.5 శాతంలో 36 మి.లీ.

రెండు మందులు కలిపితే రెండింటి విషప్రభావం కూడుతుంది. ఒకదానిలో సగం వాడితే రెండోదానిలో మిగిలేది సగమే. లిగ్నోకైన్ ఒక పరిమితి, బుపివకైన్ ఇంకో పరిమితి అని విడివిడిగా లెక్కేసి రెండూ నిండా ఇచ్చేవాళ్లను చూశాను. భయమేసింది.

ఈ విషప్రభావానికి విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ గదిలో ఎక్కడ ఉందో వేలితో చూపించగలగాలి. "స్టోర్‌లో ఉంటుంది" అనేది జవాబు కాదు. నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద లోహపు రుచి, చెవుల్లో హోరు, అకారణమైన అలజడి కనిపిస్తే మందు ఆపి, సాయం పిలిచి, ఆక్సిజన్ అందించి, మూర్ఛ వస్తే అదుపు చేసి, లిపిడ్ మొదలుపెట్టాలి. కిలోకు 1.5 మి.లీ. చొప్పున రెండు మూడు నిమిషాల్లో, ఆ తర్వాత నిమిషానికి కిలోకు 0.25 మి.లీ. మన 60 కిలోల మనిషికి అది ముందు 90 మి.లీ., ఆపైన నిమిషానికి 15 మి.లీ. గుండె ఆగితే అడ్రినలిన్ కూడా చిన్న మోతాదుల్లోనే, కిలోకు 1 మైక్రోగ్రాముకు మించకుండా ఇవ్వాలి.

ఐవీ లైను, ఈసీజీ, బీపీ, పల్స్ ఆక్సిమీటర్ పెట్టారు కదా? సూది గుచ్చబోయే క్షణంలో ఒక్కసారి ఆగి, ఆపరేషన్ చేసే వైపు ఇదేనా అని అందరూ వినేలా పైకి అడగండి. సంతకాలూ చెక్‌లిస్టూ పూర్తయి, మనిషిని పక్కకు తిప్పి, దుప్పటి కప్పాక కుడిఎడమలు మారిపోవడం అనుకున్నంత అరుదు కాదు.

తెర మీద సూది

చేతి బ్లాకులకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న లీనియర్ ప్రోబ్ చాలు. లావుపాటి ఛాతీలో ఇన్‌ఫ్రాక్లావిక్యులర్‌కు మాత్రం ఒక్కోసారి వంపు ప్రోబ్ కావాలి. నాలుగు చోట్లా నేను సూదిని ప్రోబ్ పొడవు వెంటే తీసుకెళతాను, అప్పుడే మొన నుంచి మొదలు దాకా కనిపిస్తుంది.

సూది కనిపించనప్పుడు కొత్తవాళ్లు చేసే పని ఒకటే: ఇంకొంచెం లోపలికి తోస్తారు. చేయి ఆపండి. ప్రోబ్‌ను ఒక మిల్లీమీటరు పక్కకు జరపండి, లేదా కొద్దిగా తిప్పండి. సూదిని కదపడం, ప్రోబ్‌ను కదపడం ఒకేసారి చేయకండి. ఒక చేయి పనిచేస్తుంటే రెండోది రాయిలా ఉండాలి.

మొన నరం పక్కకు చేరాక ఒకటి రెండు మి.లీ. వదలండి. తెర మీద నల్లటి చుక్క పుట్టి పొరలను విడదీయాలి. మందు వెళుతున్నా నలుపు కనిపించకపోతే మొన రక్తనాళంలో ఉండవచ్చు. నరం ఉబ్బినట్టు కనిపించినా, సిరంజి గట్టిగా అనిపించినా, రోగి చేతిలో మెరుపులాంటి నొప్పి అన్నా ఆపి సూది వెనక్కి తీయండి. అందుకే నేను బ్లాక్ సమయంలో రోగిని మాట్లాడే స్థితిలోనే ఉంచుతాను. ప్రతి 3-5 మి.లీ.కు ఒకసారి సిరంజి వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడాలి.

ఇంటర్‌స్కేలీన్: చేతికి కాదు

దీన్ని త్వరగా ముగిస్తాను. మెడలో రెండు స్కేలీన్ కండరాల మధ్య వేర్లు నిలువుగా పేర్చిన నల్లటి గుండ్రాల్లా, ట్రాఫిక్ దీపాల్లా కనిపిస్తాయి. భుజం ఆపరేషన్లకు గొప్ప బ్లాక్. కానీ సీ8, టీ1లను తరచుగా వదిలేస్తుంది కాబట్టి ముంజేయి లోపలి వైపుకూ అరచేతికీ పనికిరాదు. పైగా 20 మి.లీ. ఇస్తే ఫ్రెనిక్ నరం దాదాపు ప్రతి ఒక్కరిలోనూ పడిపోతుంది, ఆ పక్క ఊపిరి తీసే కండరం (డయాఫ్రమ్) కదలదు. 5 మి.లీ.కు తగ్గించినా సగానికి దగ్గరగా పడుతుంది. ఊపిరి సామర్థ్యం నాలుగో వంతు తగ్గినా ఆరోగ్యవంతుడికి తెలియకపోవచ్చు. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి ఉన్నవాడికి వెంటనే తెలుస్తుంది. చేతి ఆపరేషన్ కోసం ఆ మూల్యం చెల్లించడంలో అర్థం లేదు.

సుప్రాక్లావిక్యులర్: వేగం ఎక్కువ, పక్కనే ఊపిరితిత్తి

నరాలన్నీ ఒకే గుత్తిగా, ద్రాక్షగుత్తిలా దగ్గరగా ఉండే చోటు ఇది. కొద్ది మందుతో జబ్బ మధ్య నుంచి వేళ్ల దాకా త్వరగా మొద్దుబారుతుంది. అందుకే దీన్ని చేతికి ఇచ్చే స్పైనల్ అంటుంటారు.

రోగి తలవైపు కాస్త ఎత్తి, ముఖం అవతలి పక్కకు తిప్పించండి. ప్రోబ్‌ను జత్రుక వెనక గుంటలో ఆనించి, ఛాతీలోకి తొంగిచూస్తున్నట్టు కిందికి వంచండి. ముందుగా సబ్‌క్లేవియన్ ధమని కొట్టుకుంటూ కనిపిస్తుంది. దాని పక్కన, కాస్త పైన నరాల గుత్తి ఉంటుంది. ధమని కింద రెండు తెల్లటి గీతలను విడివిడిగా గుర్తించాలి. ఒకటి మొదటి పక్కటెముక: మెరిసే గీత, దాని కింద చిక్కటి నీడ. రెండోది ఊపిరితిత్తిని కప్పే పొర, ప్లూరా: ఊపిరితో పాటు జారుతుంది, కింద నీడకు బదులు మినుకుమినుకుమనే గీతలు దిగుతుంటాయి. నరాల గుత్తి కింద పక్కటెముక పరచుకుని ఉండేలా ప్రోబ్‌ను సర్దుకోండి. సూది పొరపాటున జారినా ఎముక అడ్డుపడాలి.

ఇప్పుడు రక్తం పారే చోట్లను రంగుల్లో చూపే డాప్లర్ నొక్కండి. గుత్తి మధ్యలోంచో పక్క నుంచో చిన్న ధమని ఒకటి దూరి పోతుండవచ్చు. నలుపు తెలుపులో అది అచ్చం ఒక నరంలాగే కనిపిస్తుంది.

సూదిని బయటి వైపు నుంచి లోపలికి పంపండి. మొదటి గమ్యం ధమని, పక్కటెముక, నరాల గుత్తి మూడూ కలిసే ఆ చిన్న మూల. నా చిటికెన వేలి కథకు మూలం కూడా ఇక్కడే. కింది కాండం ఆ మూలలో దాక్కుని ఉంటుంది. ఆ రోజు నేను గుత్తి పైభాగంలోనే మొత్తం మందు వదిలేశాను. మూలలో సగం మందు వేస్తే గుత్తి మొత్తం పైకి తేలుతుంది. తర్వాత సూది కొంచెం వెనక్కి తీసి పై కాండాల పక్కన మిగతా సగం వేయండి. మొత్తం 20-25 మి.లీ. సరిపోతుంది. గుత్తి లోపలికి దూరి నరాల మధ్య మందు వేస్తే ఇంకా త్వరగా పడుతుందని కొందరంటారు. ఆ రెండు నిమిషాల లాభం కోసం నరానికి గాయం చేసే పని నేను పెట్టుకోను.

ఇది వదిలేసేది: కింది కాండం, అదీ మనం అజాగ్రత్తగా ఉంటేనే. ఇది అడిగే మూల్యం: ప్లూరాకు చిల్లు పడే ముప్పు, ఇంటర్‌స్కేలీన్ కంటే తక్కువ మందిలోనైనా కచ్చితంగా ఉండే డయాఫ్రమ్ బలహీనత. అవతలి ఊపిరితిత్తి ఇప్పటికే దెబ్బతిన్నవాడికి ఇది వద్దు. రెండు చేతులకూ ఒకేసారి అసలే వద్దు.

ఇన్‌ఫ్రాక్లావిక్యులర్: లోతు బావి, నిలకడైన నీరు

చేతిని 90 డిగ్రీలు చాపి మోచేయి వంచితే జత్రుక పైకి లేచి సూదికి చోటు దొరుకుతుంది, నరాలూ కొంత పైకి వస్తాయి. చేయి విరిగి నొప్పితో చాపలేనివాడిని బలవంతం చేయవద్దు. పక్కన పెట్టుకుని కూడా ఈ బ్లాక్ ఇవ్వవచ్చు, అది దీని గొప్పతనం.

ప్రోబ్‌ను జత్రుక కింద నిలువుగా పెట్టండి. రెండు పెక్టోరల్ కండరాల కింద, సాధారణంగా 3-5 సెం.మీ. లోతులో ఆక్సిలరీ ధమని అడ్డకోతలో గుండ్రంగా కనిపిస్తుంది. మూడు కార్డులు దాన్ని చుట్టి ఉంటాయి: తలవైపు లాటరల్, వెనక పోస్టీరియర్, కాళ్లవైపు ధమనికీ సిరకూ మధ్య మీడియల్. ధమని వెనక తెల్లగా మెరిసేదల్లా నరం కాదు. ధ్వని తరంగాలు రక్తం గుండా దాటిపోవడం వల్లా అక్కడ తెల్లదనం వస్తుంది. ప్రోబ్ వంచి చూస్తే నిజం నరం నిలుస్తుంది, భ్రమ చెరిగిపోతుంది.

80-100 మి.మీ. సూదిని జత్రుక అంచు నుంచి బాగా ఏటవాలుగా దించాలి. ఈ కోణంలో సూది మసకగా ఉంటుంది. అందుకే ఇది కొత్తవాళ్లకు చిరాకు తెప్పించే బ్లాక్. మొనను ధమని వెనకకు చేర్చి మందు వదిలితే అది ధమని చుట్టూ గుర్రపు నాడాలా పరచుకోవాలి, ధమని కాస్త పైకి లేవాలి. అలా జరిగితే 25-30 మి.లీ. ఒకేచోట ఇచ్చినా సరిపోతుంది, మూడు కార్డులనూ వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. మందు ధమని పైన మాత్రమే పేరుకుంటే ఆపి, మొన సర్దుకోండి.

మోచేయి, ముంజేయి, చేయి అన్నిటికీ నమ్మకమైనది. డయాఫ్రమ్ జోలికి పోవడం చాలా అరుదు. రెండు మూడు రోజులు నొప్పి తగ్గించే సన్నని గొట్టం (కాథెటర్) పెట్టాలంటే నా మొదటి ఓటు దీనికే. కండరాల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి మెడ కదిలినా జారదు. లోపం ఒకటుంది: అంత లోతులో ధమనికి గుచ్చుకుంటే బయట నుంచి నొక్కి ఆపలేం. రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో చంకకే వెళ్లండి.

జత్రుక వెనక సందులో మూడు కార్డులూ ధమనికి ఒకే పక్కన గుంపుగా ఉంటాయని 2015లో కర్మాకర్ బృందం వివరించిన కాస్టోక్లావిక్యులర్ పద్ధతి కూడా దీని చుట్టమే. తక్కువ మందుతో త్వరగా పడుతుంది. ముందు ఈ నాలుగూ చేతికి అలవాటయ్యాక నేర్చుకోవచ్చు.

ఆక్సిలరీ: ఓపిక ఉన్నవాడికి

శిక్షణలో మొదటగా ఇదే నేర్పిస్తాను. ఊపిరితిత్తి దగ్గరలో లేదు, ఫ్రెనిక్ నరం దగ్గరలో లేదు, రక్తం కారితే వేలితో నొక్కవచ్చు, నరాలు చర్మానికి రెండు సెంటీమీటర్ల లోపే. అయితే నాలుగు నరాలూ విడిపోయి ఉంటాయి, ఒక్కొక్కదాన్నీ పలకరించాలి.

చేయి చాపించి ప్రోబ్‌ను చంక ముడతలో అడ్డంగా ఆనించండి. కొంచెం నొక్కితే సిరలు నలిగి మాయమవుతాయి, ధమని నిలిచి కొట్టుకుంటుంది. సిరలు నలిగి ఉన్నప్పుడు వాటిలో మందు పడినా తెలియదు కాబట్టి, ఇంజెక్షన్‌కు ముందు ఒత్తిడి కాస్త వదిలి అవి ఎక్కడున్నాయో చూసుకోండి. ధమని పైన బైసెప్స్ కండరం వైపు మీడియన్, పైనే అవతలి వైపు అల్నార్, ధమని కింద మెరిసే స్నాయువు మీద రేడియల్ ఉంటాయి. ఏది ఏదో సందేహంగా ఉంటే ప్రోబ్‌ను మోచేతి వైపు జరుపుతూ చూడండి. మీడియన్ ధమనిని అంటిపెట్టుకునే వస్తుంది, అల్నార్ మెల్లగా దూరమవుతుంది, రేడియల్ ఎముక వెనకకు లోతుగా దిగిపోతుంది.

నాలుగోది మస్క్యులోక్యుటేనియస్. ఈ గుంపులో ఉండదు, బైసెప్స్‌కూ కోరాకోబ్రాకియాలిస్‌కూ మధ్య చదునైన గింజలా విడిగా పడుకుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే ముంజేయి బొటనవేలి వైపు చర్మానికి మెలకువ పోదు. మణికట్టు ఎముకకు ప్లేటు వేసేటప్పుడు కోత సరిగ్గా ఆ సరిహద్దుల్లోనే పడుతుంది. కొందరిలో అది మీడియన్‌తో కలిసే నడుస్తుంది, కనిపించలేదని కంగారుపడకండి.

నా క్రమం ఇది: ముందు రేడియల్, ఎందుకంటే అది అడుగున ఉంటుంది, పైన ముందే మందు వేస్తే మరింత లోతుకు పోతుంది. తర్వాత మీడియన్, అల్నార్, చివర సూది వెనక్కి తీస్తూ మస్క్యులోక్యుటేనియస్. ఒక్కోదానికి సుమారు 5 మి.లీ. ఇక జబ్బ లోపలి చర్మం. అది టీ2 నుంచి వచ్చే ఇంటర్‌కోస్టోబ్రాకియల్ నరానిది, ప్లెక్సస్‌లోది కాదు. చంక కింద చర్మం పొరలో 3-5 మి.లీ. గీతలా వేస్తే టోర్నికెట్ కింద గుచ్చుకునే బాధ తగ్గుతుంది. కండరం నలిగే లోతైన నొప్పికి మాత్రం ఇది మందు కాదు, దానికి అసలు బ్లాక్ గట్టిగా పట్టి ఉండాలి.

ఏది ఎప్పుడు

మోచేతి పైన జబ్బలో పని ఉంటే సుప్రాక్లావిక్యులర్. మోచేతికి అది గానీ ఇన్‌ఫ్రాక్లావిక్యులర్ గానీ. ముంజేయి, మణికట్టు, చేయి అయితే, రోగి చేయి చాపగలిగితే ఆక్సిలరీ, చాపలేకపోతే ఇన్‌ఫ్రాక్లావిక్యులర్. ఊపిరి బలహీనంగా ఉంటే జత్రుక పైకి పోవద్దు. డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్ట్యులా వేసేటప్పుడు ప్లెక్సస్ బ్లాక్‌కు మరో లాభముంది: నరాల పట్టు సడలి రక్తనాళాలు వెడల్పవుతాయి, సర్జన్‌కు కుట్టడం సులువవుతుంది.

వేలి స్నాయువు సరిచేసే చిన్న ఆపరేషన్‌లో రోగి వేలు కదిపి చూపాలని సర్జన్ కోరితే ఈ నాలుగూ వద్దు. ముంజేయి మధ్యలో మీడియన్, అల్నార్ నరాలకు, మోచేతి దగ్గర రేడియల్‌కు తలా 4-5 మి.లీ. చాలు. వేళ్లను కదిపే పెద్ద కండరాలు ముంజేతిలోనే మెలకువగా ఉంటాయి. కానీ జబ్బకు టోర్నికెట్ కడితే 15-20 నిమిషాలకు మించి చాలామంది ఓర్చుకోలేరు.

పట్టిందా లేదా

లిగ్నోకైన్‌కు 10-20 నిమిషాలు, బుపివకైన్‌కు 20-30 నిమిషాలు ఇవ్వండి. ఆపైన నాలుగు పనులు: తోయించు, లాగించు, గిల్లు, గిల్లు. మోచేయి చాపి తోయమంటే రేడియల్ తెలుస్తుంది, వంచి లాగమంటే మస్క్యులోక్యుటేనియస్, చూపుడు వేలు గిల్లితే మీడియన్, చిటికెన వేలు గిల్లితే అల్నార్. అర నిమిషం పని. నేను ఆ రోజు నాలుగో గిల్లుడు మానేశాను.

ఒక్క నరం మిగిలిపోతే మొత్తం బ్లాక్ మళ్లీ ఇవ్వవద్దు. ముంజేతిలో ఆ ఒక్క నరాన్ని వెతికి, మోతాదు లెక్కలో మిగిలినదాంట్లోంచి 4-5 మి.లీ. ఇవ్వండి. అల్నార్ నరం ముంజేయి మధ్యలో అల్నార్ ధమని పక్కకు చేరే చోట చక్కగా దొరుకుతుంది, కానీ ధమనికి దూరంగా ఉన్న ఎగువ భాగంలోనే సూది వేయండి.

ఇంటికి పంపేటప్పుడు

చివరి ఇంజెక్షన్ తర్వాత కనీసం 30 నిమిషాలు రోగిని కనిపెట్టుకుని ఉండాలి. సుప్రాక్లావిక్యులర్ తర్వాత గంటలు గడిచాక ఛాతీలో నొప్పో ఆయాసమో మొదలైనా తిరిగి రమ్మని చెప్పండి, చిన్న చిల్లు మెల్లగా బయటపడుతుంది. ఎముక విరిగి, వాపుతో లోపల ఒత్తిడి పెరిగి ముంజేయి బిగుసుకుపోయే ప్రమాదమున్న కేసుల్లో ఎక్కువ గంటలు పనిచేసే గాఢమైన బ్లాక్ గురించి సర్జన్‌తో ముందే మాట్లాడుకోండి. హెచ్చరించాల్సిన నొప్పిని మనమే అణచివేయకూడదు.

మొద్దుబారిన చేయి రోగికి తన చేయిలా ఉండదు. ఆసరా పట్టీలో ఉంచమనండి, వేడి వస్తువులకు దూరంగా ఉండమనండి, నిద్రలో ఒంటి కింద పడకుండా దిండు మీద పెట్టమనండి. నొప్పి మాత్రలు చేయి మెలకువ వచ్చాక వేసుకుంటానంటే ఒప్పుకోకండి. బుపివకైన్ బ్లాక్ తరచుగా అర్ధరాత్రి దాటాక దిగుతుంది, నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. వేళ్లలో చీమలు పాకినట్టు మొదలవగానే మొదటి మాత్ర, ఆ రాత్రి పడుకునే ముందు తిమ్మిరి ఉన్నా లేకపోయినా ఇంకొకటి అని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, వెంట వచ్చినవారి చేతిలో పెడతాను.